స్టంట్ స్కూటర్‌కు ఏ కంప్రెషన్ మేలు? ఎస్‌సీఎస్, హెచ్‌ఐసీ, ఐహెచ్‌సీ, ఐసీఎస్

అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఆస్ట్రేలియాలోనో స్కేట్‌పార్కుకు దగ్గరగా ఉండే తెలుగు కుటుంబాల్లో పిల్లలకు స్టంట్ స్కూటర్ (కాలితో నెట్టుకుంటూ విన్యాసాలు చేసే చిన్న స్కూటర్) అలవాటైతే, కొంతకాలానికి ఒక కోరిక తప్పకుండా వస్తుంది: బార్, అంటే చేతులతో పట్టుకునే హ్యాండిల్, మార్చాలి. పాతది పొట్టిగా అనిపిస్తుంది, లేదా స్నేహితుడి అల్యూమినియం బార్ తేలిగ్గా ఉందని కన్ను పడుతుంది. తల్లిదండ్రులు రంగు, ఎత్తు, ధర చూసి తెప్పిస్తారు. పార్శిల్ విప్పాక ఆ బార్ ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్క్ మీదికి దిగదు. దిగినా లొటలొటలాడుతుంది. కొత్త బార్‌లో లోపం లేదు, పాత ఫోర్క్‌లోనూ లేదు. ఆ రెండింటినీ కలిపి బిగించే పద్ధతులు వేరు. ఆ పద్ధతినే కంప్రెషన్ అంటారు.

అందులో నాలుగు రకాలు: ఎస్‌సీఎస్, హెచ్‌ఐసీ, ఐహెచ్‌సీ, ఐసీఎస్. ఈ పేర్లు చూసి కంగారు పడేవాళ్లే ఎక్కువ. నిజానికి పేరుతో మొదలుపెట్టకూడదు. ముందు ఇంట్లో ఉన్న ఫోర్క్‌నూ, కొనాలనుకునే బార్‌నూ కొలవాలి. ఏ పద్ధతి కుదురుతుందో ఆ అంకెలే సగం తేల్చేస్తాయి.

కంప్రెషన్ ఏం చేస్తుందో ఒకసారి చూద్దాం. ఫోర్క్ గొట్టం, కాళ్లు పెట్టి నిలబడే డెక్ ముందుభాగంలోని హెడ్ ట్యూబ్ గుండా పైకి వస్తుంది. అక్కడ పైనొకటి, కిందొకటి బేరింగులు ఉంటాయి. ఈ బేరింగుల మీద సరిపడా ఒత్తిడి ఉండాలి. తక్కువైతే దూకి దిగిన ప్రతిసారీ ముందు భాగం టకటకమంటుంది, బేరింగులు త్వరగా అరిగిపోతాయి. ఎక్కువైతే బార్ బిగుసుకుపోయి, బార్‌ను గిర్రున తిప్పే బార్‌స్పిన్ విన్యాసం సగంలో ఆగిపోతుంది. ఆ ఒత్తిడి పెట్టేది ఒకే ఒక్క బోల్టు. బార్ పక్కకు తిరగకుండా ఫోర్క్‌కు పట్టి ఉంచేది క్లాంప్. ఈ రెండు పనులూ వేరువేరని మనసులో నాటుకుంటే మిగతాదంతా సులభం. బార్ ఊగుతోందని క్లాంప్ బోల్టులను ఎంత బిగించినా ఫలితం ఉండదు, ఎందుకంటే ఊగుడు తగ్గించేది కంప్రెషన్ బోల్టు.

ఈ ఏర్పాటు సైకిళ్ల నుంచి వచ్చింది. 1990ల తొలినాళ్లలో మౌంటెన్ బైకులకు మరలు లేని హెడ్‌సెట్లు, అంటే ఆ బేరింగుల అమరికలు, వచ్చాయి. ఫోర్క్ గొట్టంలోకి నక్షత్రాకారపు స్టార్ నట్‌ను దిగ్గొట్టి, పై నుంచి ఒక బోల్టుతో లాగి ఒత్తిడి పెట్టడం అప్పటి పద్ధతే. స్కూటర్లలో మామూలుగా కనిపించే 28.6 మిల్లీమీటర్ల ఫోర్క్ గొట్టం, అంటే 1⅛ అంగుళాలు, కూడా ఆ సైకిళ్ల కొలతే.

మరలున్న ఫోర్క్, దాని మీద రెండు పెద్ద నట్లు ఉన్న చవక స్కూటర్ల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఆ నట్లు మాటిమాటికీ వదులవుతాయి. అలాంటి స్కూటర్‌కు ఖరీదైన బార్ కొనడం డబ్బు వృథా. మడిచే పిడి ఉన్న స్కూటర్‌తో స్టంట్లు అసలు చేయనివ్వకండి. మడత దగ్గర విరిగితే దెబ్బ ముఖానికే తగులుతుంది.

ముందు కొలతలు

ఇంటర్ ఫిజిక్స్ ల్యాబులో పట్టుకున్న వెర్నియర్ కాలిపర్స్ గుర్తున్నాయా? అదే పరికరం ఇప్పుడు డిజిటల్ రూపంలో చవకగా దొరుకుతుంది. స్కూటర్ విడిభాగాలు కొనే ఇంట్లో అది ఉండి తీరాలి. కొలవవలసినవి నాలుగు: ఫోర్క్ గొట్టం బయటి వ్యాసం, హెడ్‌సెట్ పైన ఆ గొట్టం ఎంత పొడవు మిగిలి ఉంది, బార్ బయటి వ్యాసం, బార్ లోపలి వ్యాసం.

బార్లు ముఖ్యంగా మూడు రకాలు. మామూలు సైజు స్టీలు బార్‌కు బయట 31.8 మి.మీ., లోపల సుమారు 28.6. ఓవర్‌సైజ్ స్టీలు బార్‌కు బయట 34.9, లోపల సుమారు 31.8. చిక్కంతా మూడో రకంతో వస్తుంది. అల్యూమినియం మెత్తని లోహం కాబట్టి గోడ మందంగా చేస్తారు. అందుకే అల్యూమినియం బార్ బయటికి ఓవర్‌సైజ్‌లా 34.9 ఉన్నా, లోపల మాత్రం 28.6 దగ్గరే ఉంటుంది. బయటి కొలత ఒక్కటే చూసి హెచ్‌ఐసీకి సరిపోతుందని కొన్న అల్యూమినియం బార్లు ఎన్నో తిరిగి దుకాణాలకే వెళ్తుంటాయి.

బార్ అడుగున, వెనక వైపు నిలువు చీలిక ఉందో లేదో కూడా చూడండి. ఇది చాలా ముఖ్యమైన గుర్తు.

ఎస్‌సీఎస్: బరువు మోయగలిగితే ఇదే హాయి

స్టాండర్డ్ కంప్రెషన్ సిస్టమ్. అమెరికా సంస్థ ప్రోటో చేసేది వీటిలో బాగా పేరున్నది. ఇందులో క్లాంప్, కంప్రెషన్ రెండూ ఒకే దిమ్మెలో ఉంటాయి. దిమ్మె లోపల ఒక మెట్టు ఉంటుంది. కింది సగం ఫోర్క్‌ను పట్టుకుంటుంది. మెట్టు మీద మందపాటి వాషర్ పెట్టి, దాని గుండా బోల్టును ఫోర్క్‌లోని స్టార్ నట్‌లోకి బిగిస్తే దిమ్మె మొత్తం హెడ్‌సెట్ మీదికి నొక్కుకుంటుంది. ఆ పైన బార్ వచ్చి పై సగంలో కూర్చుంటుంది.

దీనివల్ల వచ్చే మేలు ఎంతో పెద్దది: బార్ లోపలి వ్యాసంతో పనిలేదు. బయట 34.9 ఉంటే చాలు, అది స్టీలైనా అల్యూమినియమైనా పట్టుకుంటుంది. 31.8 బార్లకు పనికొచ్చే షిమ్, అంటే సందు నింపే తొడుగు, కూడా చాలా కిట్లలో వస్తుంది. ఏటా ఎత్తు పెరుగుతూ బార్లు మార్చే పిల్లలకు ఇంతకన్నా వెసులుబాటు మరెక్కడా దొరకదు. పైగా క్లాంప్‌లోని పై బోల్టులు వదులు చేస్తే బార్ ఒక్కటే బయటికి వస్తుంది, కింద హెడ్‌సెట్ కదలదు. కారు డిక్కీలో పెట్టుకుని వేరే ఊరి పార్కుకు వెళ్లే కుటుంబాలకు ఇది చాలా పనికొస్తుంది.

ఇక లోటుపాట్లు. నాలుగింటిలో ఇదే బరువైనది. ఆ బరువు ముందు భాగంలోనే ఉంటుంది కాబట్టి చిన్నపిల్లలకు తెలిసిపోతుంది. రెండోది, చీలిక ఉన్న బార్‌ను ఇందులో వాడకూడదు. మిగతా పద్ధతుల్లో బార్ లోపల ఫోర్క్ గొట్టమో షిమ్మో ఆసరాగా ఉంటుంది. ఇక్కడ లోపల ఖాళీ. చీలిక ఉన్న గొట్టాన్ని క్లాంప్ నొక్కితే అది లోపలికి ముడుచుకుని పగులుతుంది. చీలిక ఉన్నంత మేరా కోసేసి వాడాలి. బార్ దిమ్మె మధ్యలో ఆగుతుంది గనుక మొత్తం ఎత్తు కొన్ని సెంటీమీటర్లు పెరుగుతుంది. చీలిక కోసిన బార్ అయితే ఆ తేడా కొంత సర్దుకుంటుంది.

మూడోది ఫోర్క్ పొడవు. గొట్టం దిమ్మె లోపలి మెట్టుకు కాస్త కిందే ఆగాలి. పొడవెక్కువైతే వాషర్ దిమ్మెను నొక్కకుండా ఫోర్క్‌నే తాకుతుంది, ఎంత బిగించినా ఊగుడు పోదు. అప్పుడు ఫోర్క్ కోయాల్సి వస్తుంది. కోసిన ఫోర్క్ మళ్లీ హెచ్‌ఐసీకి పొట్టిదైపోవచ్చు. కాబట్టి రంపం పట్టే ముందు ఒకటికి రెండుసార్లు కొలవండి.

హెచ్‌ఐసీ: స్టీలు బార్‌కు సహజమైన జోడీ

హిడెన్ ఇంటర్నల్ కంప్రెషన్. 28.6 ఫోర్క్ గొట్టం మీద 31.8 వరకు పెంచే షిమ్ తొడుగుతారు. దాని నెత్తిన టోపీ, దాని గుండా బోల్టు స్టార్ నట్‌లోకి దిగుతుంది. షిమ్ హెడ్‌సెట్‌ను నొక్కుతుంది. ఆ షిమ్ మీదికి ఓవర్‌సైజ్ స్టీలు బార్ దిగి, బయట నుంచి క్లాంప్ అన్నింటినీ కలిపి పిండేస్తుంది. గొడ్డలి పిడి వదులైతే మధ్యలో చీల దిగ్గొట్టినట్టు, గొట్టానికీ బార్‌కూ మధ్య ఖాళీని ఈ షిమ్ నింపుతుంది.

ఎస్‌సీఎస్ కంటే తేలిక, గట్టిదనంలో ఏమాత్రం చిన్నబుచ్చదు. మెట్ల మీద, రెయిళ్ల (ఇనుప కమ్మీల) మీద దూకే స్ట్రీట్ రైడర్లు స్టీలు బార్‌తో దీన్ని ఇష్టపడటం న్యాయమే. బార్‌కు చీలిక మాత్రం ఉండాలి, లేకపోతే క్లాంప్ ఎంత పిండినా బార్ ముడుచుకోదు, జారి తిరుగుతుంది. ఆ చీలికే బలహీన స్థానం కూడా. పగులు మొదలైతే దాని పై కొస దగ్గరే మొదలవుతుంది. అందుకే మంచి బార్లకు ఆ కొసన గుండ్రని రంధ్రం చేస్తారు. నెలకోసారి అక్కడ గుడ్డతో తుడిచి చూడండి. వెంట్రుకంత గీత కనిపించినా ఆ బార్ పక్కన పెట్టేయాలి.

ఐహెచ్‌సీ: పార్కులో తిరిగే పిల్లలకు

ఇంటర్నల్ హిడెన్ కంప్రెషన్. పేరులో అక్షరాలు తారుమారైనంత మాత్రాన హెచ్‌ఐసీకీ దీనికీ భాగాలు కలవవు. ఇక్కడ ఫోర్క్ గొట్టమే సన్నం, 25.4 మి.మీ., అంటే సరిగ్గా అంగుళం. దానికి తొడిగిన సన్నని షిమ్‌తో కలిపి 28.6 అవుతుంది. అందుకే లోపల 28.6 ఉన్న మామూలు స్టీలు బార్లు, అల్యూమినియం బార్లు దీనిమీద కుదురుగా కూర్చుంటాయి. వాటికి చీలిక ఉండాలి. ఆస్ట్రేలియా నుంచి వచ్చే ఎన్వీ, అంటే కొన్ని దేశాల్లో బ్లంట్ పేరుతో అమ్మే సంస్థ, పూర్తి స్కూటర్లలో చాలావాటికి ఇదే వాడుతుంది. మీ పిల్లల దగ్గరున్నది కూడా ఇదే కావచ్చు.

బరువు తక్కువ, ముందు భాగం తేలిగ్గా తిరుగుతుంది, నిర్వహణ సులభం. లోటు ఒకటే: ఫోర్క్ ప్రత్యేకమైనది కావడంతో, వేరే పద్ధతికి మారాలంటే ఫోర్క్ కూడా మార్చాల్సి రావచ్చు. దాని షిమ్, టోపీ, బోల్టు కిట్‌గానే కొనండి, అక్కడొకటి ఇక్కడొకటి ఏరి కలపవద్దు.

ఐసీఎస్: అన్నింటికన్నా తేలిక, అన్నింటికన్నా చిరాకు

ఇన్వర్టెడ్ కంప్రెషన్ సిస్టమ్. ఇది తలకిందుల పద్ధతి. స్టార్ నట్ ఫోర్క్‌లో ఉండదు, బార్ లోపల ఉంటుంది. పొడవాటి బోల్టు ఫోర్క్ కింద నుంచి, చక్రం ఉండే చోటు నుంచి పైకి వెళ్లి బార్‌ను కిందికి లాగుతుంది. షిమ్ లేదు, టోపీ లేదు, కాబట్టి బరువు బాగా తగ్గుతుంది.

కానీ కాస్త ఊగుడు వచ్చిందంటే ముందు చక్రం విప్పాల్సిందే. మిగతా మూడింటిలో బార్ తీస్తే బోల్టు ఎదురుగా కనిపిస్తుంది. ఇక్కడ బార్ కూడా కంప్రెషన్‌లో భాగమే కాబట్టి, బార్ తీసిన మరుక్షణం అంతా విడిపోతుంది. కొత్త బార్ కొన్నప్పుడల్లా లోపలికి సరైన లోతున, వంకర పోకుండా స్టార్ నట్ కొట్టుకోవాలి. గాల్లో తిప్పే విన్యాసాల్లో ప్రతి గ్రాము లెక్కపెట్టే అనుభవజ్ఞులకు ఇది సమంజసం. పదేళ్ల పిల్లకు పార్కులో సొంతంగా బిగించుకోవడం రాని పద్ధతి మేలైనదని నేను ఒప్పుకోను.

మరి ఏది తీసుకోవాలి?

బరువు పట్టిక చూసి ఎంచుకోవడం నాకు నచ్చదు. ఒక అలెన్ కీతో పిల్లవాడు తానే సరిచేసుకోగలిగిందే మంచిది. ఊగే స్కూటర్ మీద "ఇంకొక్కసారి" అంటూ దూకే వయసు అది. ఇంటికొచ్చాక నాన్న బిగిస్తాడులే అనుకుంటే, ఆ ఒక్కసారిలోనే జారిపడవచ్చు.

కాబట్టి ఇంట్లో ఇప్పటికే ఐహెచ్‌సీ స్కూటర్ ఉండి, పిల్లవాడు ఎక్కువగా పార్కులోనే ఆడుతుంటే దాన్నే ఉంచండి. లోపల 28.6 ఉన్న, చీలిక ఉన్న బార్ తెచ్చుకుంటే సరిపోతుంది. 28.6 ఫోర్క్ ఉండి, ఓవర్‌సైజ్ స్టీలు బార్ మీదే మనసుంటే హెచ్‌ఐసీ. బలంగా దూకే కుర్రాడు, వయసు పన్నెండు దాటింది, రేపు అల్యూమినియం, ఎల్లుండి స్టీలు అంటూ బార్లు మారుస్తాడనుకుంటే, ఎస్‌సీఎస్ మీద పెట్టిన డబ్బు ఎప్పటికీ వృథా కాదు. నా సొంత ఎంపిక కూడా అదే. ఐసీఎస్ మాత్రం ఇప్పటికే ఉండి సవ్యంగా నడుస్తుంటేనే ఉంచుకోండి, కొత్తగా దానివైపు వెళ్లవద్దు.

ఏది బిగించినా వరస ఒకటే. మొదట క్లాంప్ బోల్టులన్నీ వదులు చేయాలి. తర్వాత (ఐసీఎస్ కాకపోతే బార్ పైకి తీసి) కంప్రెషన్ బోల్టును కొద్దికొద్దిగా బిగించి, తీసిన బార్‌ను తిరిగి పెట్టాలి. హెడ్‌సెట్ సందు దగ్గర వేలు పెట్టి, ముందు చక్రాన్ని నేలకు నొక్కి బార్‌ను ముందుకూ వెనక్కూ ఊపి చూడండి. వేలికి కదలిక తగలకూడదు. ముందు చక్రం పైకెత్తి బార్‌ను వేలితో నెడితే మాత్రం హాయిగా తిరగాలి. ఆ రెండూ కుదిరాకే బార్‌ను చక్రానికి సూటిగా పెట్టి క్లాంప్ బోల్టులు ఒకదాని తర్వాత ఒకటి, కొంచెం కొంచెంగా, సమానంగా బిగించాలి. క్లాంప్ బిగుసుకుని ఉండగా కంప్రెషన్ బోల్టు తిప్పితే స్టార్ నట్ పైకి లేచి వస్తుంది, మరలు పోతాయి. కొత్త భాగాలు మొదటిరోజు ఆటలో సర్దుకుంటాయి, అందుకే ఆ సాయంత్రం ఇంటికి రాగానే ఇదే పరీక్ష మరోసారి చేయండి.