మైనస్ ఏడున్నర కళ్లతో క్వెస్ట్ 3: ఎనిమిది నెలలు వాడాక

నా కుడి కంటికి మైనస్ ఏడున్నర. ఎడమ కంటికి మైనస్ తొమ్మిది, దానికి తోడు సిలిండర్ (కంటి వంపు తేడాకు ఇచ్చే పవర్) రెండు. ఎడమ కన్ను అద్దాలు పెట్టుకున్నా సరిగ్గా చదవదు. చిన్నప్పుడు ఎవరూ గమనించలేదు, అలా మందగించిపోయింది. డాక్టర్లు లేజీ ఐ అంటారు. ఇలాంటి కళ్లున్నవాళ్లు క్వెస్ట్ 3 లాంటి వీఆర్ హెడ్‌సెట్ (కళ్లకు తగిలించుకుంటే బొమ్మ మన చుట్టూ ఉన్నట్టు చూపించే పరికరం) కొనొచ్చా అని అడిగేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

మాది నల్లగొండ, రామగిరి. ప్రైవేటు స్కూల్లో సోషల్ చెబుతాను. పోయిన సంక్రాంతికి మా తమ్ముడు డల్లాస్ నుంచి వస్తూ మెటా కంపెనీవాళ్ల క్వెస్ట్ 3 తెచ్చాడు. "అక్కా, నువ్వు పాఠంలో చెప్పేవన్నీ ఇందులో చూడొచ్చు" అన్నాడు. వాడి కళ్లకు ఏ లోపమూ లేదు. అందుకే పవర్ ఉన్నవాళ్లకు ఏం కావాలో వాడికి తట్టలేదు.

మొదటి మూడు వారాలు అద్దాల మీదే హెడ్‌సెట్ పెట్టుకున్నాను. ముఖానికి ఆనే మెత్తటి భాగాన్ని లోపలి బటన్లు నొక్కి ముందుకు లాగొచ్చు, నాలుగు మెట్లున్నాయి. చివరి మెట్టుకు లాగితే నా ఫ్రేము పట్టింది. కానీ హెడ్‌సెట్ తీసిన ప్రతిసారీ అద్దాలు దానితోపాటే ఊడి వచ్చేవి. నా అద్దాలకు అంచులు మందం. ఒకరోజు తీస్తుంటే ఆ అంచు హెడ్‌సెట్ లెన్సుకు రాసుకుంది. ఎడమ లెన్సు మీద సన్నగా గీత పడింది. ఈ లెన్సులు ప్లాస్టిక్‌వి, గీత పడితే పోదు. తమ్ముడు ఏమీ అనలేదు గానీ నాకు మాత్రం రెండు రోజులు అన్నం సయించలేదు.

కాబట్టి పవర్ ఉన్నవాళ్లు హెడ్‌సెట్ ధరతోపాటే ఇన్సర్టు లెన్సుల ధర కూడా లెక్క వేసుకోండి. మన పవర్‌తో చేసిన గుండ్రటి లెన్సులు ఇవి. హెడ్‌సెట్ లెన్సుల మీద బిగించుకుంటే ఇక అద్దాలతో పని లేదు. నాకు సుమారు ఐదున్నర వేలు పడింది. అదీ ఒకసారికి. నేను రెండుసార్లు కట్టాను, ఆ సంగతి కింద చెబుతాను.

తెర కంటికి రెండు మూడు అంగుళాల దూరంలో ఉంటుంది కదా, దూరం చూపు లేనివాళ్లకు అద్దాలెందుకు అని మా స్టాఫ్ రూమ్‌లో అందరూ అడిగారు. తెర దగ్గరే ఉన్నా, మధ్యలో ఉన్న లెన్సుల వల్ల బొమ్మ మీటరు కంటే ఎక్కువ దూరంలో ఉన్నట్టే కంటికి చేరుతుంది. మైనస్ అర పవర్ ఉన్నవాళ్లు అద్దాలు లేకుండానే చూసేయొచ్చు. నాకు అద్దాలు తీస్తే 13 సెంటీమీటర్లు దాటినదంతా మసకే.

మా అమ్మది దీనికి తలకిందులు. దూరం బాగానే కనిపిస్తుంది, చదవడానికి మాత్రం 2023లో కంటి వెలుగు క్యాంపులో ఇచ్చిన అద్దాలు కావాలి. హెడ్‌సెట్ తగిలించబోతే "గింత దగ్గర పెడితే నాకేం కనబడుతది బిడ్డా, నా అద్దాలు తే" అంది. వద్దమ్మా, ఊరికే చూడు అన్నాను. కాశీ ఘాట్ల వీడియో పెట్టాను. పది నిమిషాలు ఒక్క మాట మాట్లాడలేదు. తీశాక "అన్నీ సాఫ్‌గా కనబడ్డయి" అంది. చత్వారం ఒక్కటే ఉన్న పెద్దవాళ్లకు చాలావరకు ఇన్సర్టులు అక్కర్లేదు. ముందు ఉత్త కళ్లతో చూపించి, ఆ తర్వాత ఖర్చు సంగతి ఆలోచించండి.

ఇక పీడీ. రెండు కంటిపాపల మధ్య దూరం, మిల్లీమీటర్లలో. నా చీటీలో పవర్లన్నీ ఉన్నాయి, పీడీ లేదు. గడియారం సెంటర్ దగ్గర కళ్లద్దాల షాపులో అడిగితే, స్కేలు ముక్కు మీద ఆనించి ఒక్క నిమిషంలో కొలిచారు: 60. డబ్బులు కూడా తీసుకోలేదు. ఇంటికొచ్చి హెడ్‌సెట్ కింద ఉన్న చిన్న చక్రం తిప్పి చూస్తే, తెర మీద 66 అని ఉంది. అది మా తమ్ముడి లెక్క. మూడు వారాలుగా నాకు వస్తున్న తలనొప్పికి చాలావరకు ఇదే కారణం అనుకుంటున్నాను, ఎందుకంటే 60కి తెచ్చాక తగ్గిపోయింది. క్వెస్ట్ 3లో ఈ చక్రం 58 నుంచి 71 దాకా మెల్లగా తిరుగుతుంది. పాత క్వెస్ట్ 2లోనూ, ధర తక్కువని చాలామంది కొనే 3ఎస్‌లోనూ 58, 63, 68 అని మూడే మెట్లు. నా 60 వాటిలో ఎక్కడా కుదురుగా కూర్చోదు. పవర్ ఎక్కువ ఉన్నవాళ్లు కాస్త ఎక్కువ పెట్టి 3 తీసుకోవడమే మేలని నేననడానికి ఇదొక కారణం. రెండో కారణం అందులోని లెన్సులు. వాటిని పాన్‌కేక్ లెన్సులంటారు, అంచుల దాకా అక్షరం తేటగా ఉంటుంది.

రెండుసార్లు కట్టడం సంగతి. నా చీటీ చేతిరాత. సిలిండర్ పక్కన యాక్సిస్ (ఆ పవర్ ఏ కోణంలో ఉండాలో చెప్పే అంకె) 170 అని రాశారు. ఇన్సర్టులు చేసేవాళ్లు 7ను 1గా చదివి 110కి చేసి పంపారు. పెట్టుకుంటే ఎడమవైపు ప్రతి అక్షరానికీ నీడ పడింది. అడిగితే మీరు పంపిన ఫోటోలో అలాగే ఉంది అన్నారు. వాదించి లాభం లేక మళ్లీ కట్టాను. మీరు మాత్రం కంప్యూటర్‌లో ప్రింటు తీసిన చీటీ అడిగి తీసుకోండి. ఆర్డర్ పెట్టాక పవర్, సిలిండర్, యాక్సిస్ మూడు అంకెలూ రెండు కళ్లకూ ఫోన్లో చదివించుకోండి.

లేజీ ఐ ఉన్నవాళ్లకు త్రీడీ కనిపిస్తుందా? నా అనుభవం చెబుతాను. రెండు కళ్ల బొమ్మలను మెదడు కలిపినప్పుడు వచ్చే లోతు నాకు దాదాపు లేదు. రంగు పెట్టెలు మీదికి దూసుకొస్తుంటే కత్తితో నరికే బీట్ సేబర్‌లో మా తమ్ముడు ఒక్కటీ వదలడు, నేను చాలాసార్లు ముందే చెయ్యి విసురుతాను. కానీ అమ్‌స్టర్‌డామ్‌లో యూదు బాలిక ఆన్ ఫ్రాంక్ కుటుంబం నాజీలకు దొరకకుండా 1942 నుంచి 1944 దాకా దాక్కున్న ఇంటిని చూపించే ఉచిత యాప్ ఒకటి ఉంది. ఆ గదిలో నిలబడి తల కాస్త పక్కకు జరిపితే దగ్గరున్న బల్ల ఎక్కువ కదిలింది, వెనక గోడ తక్కువ కదిలింది. బస్సులోంచి చూస్తుంటే రోడ్డు పక్క తుమ్మచెట్లు వెనక్కి పరుగెత్తి, లతీఫ్ సాబ్ గుట్ట నిదానంగా జరిగినట్టు. ఆ కదలికతో గది ఎంత ఇరుకో నాకు అర్థమైంది, ఊపిరి ఆడనట్టనిపించింది. అందుకు ఒక్క కన్ను చాలు. 360 డిగ్రీల వీడియోల్లో మాత్రం ఇది ఉండదు, తల జరిపినా బొమ్మ మనతోనే వస్తుంది.

అమెరికాలో మందులకు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ, 2021లో ల్యూమినోపియా అనే లేజీ ఐ చికిత్సకు అనుమతి ఇచ్చింది. అప్పుడు ఆ అనుమతి 4 నుంచి 7 ఏళ్ల పిల్లలకు. హెడ్‌సెట్‌లో వీడియోలు చూపిస్తారు, బాగున్న కంటికి బొమ్మను తగ్గించి, బద్ధకించిన కన్ను పనిచేసేలా చేస్తారు. అది డాక్టరు రాసిస్తే వాడేది. మామూలు క్వెస్ట్ కొనిచ్చి ఆటలాడిస్తే కన్ను బాగవుతుందని ఎవరూ అనుకోవద్దు. దీని గురించి చదివిన రోజు నేను చాలాసేపు ఏడ్చాను. దేవరకొండలో నేను చదువుకున్నప్పుడు ఒక్కరైనా నా కుడి కన్ను మూసి, ఎడమ కంటితో బోర్డు చదివించి ఉంటే ఏడో తరగతి దాకా ఈ సంగతి దాగేది కాదు. లేజీ ఐకి చికిత్స ఎంత చిన్న వయసులో మొదలుపెడితే అంత మంచిది.

వాడకంలో మిగతావి. బరువు 515 గ్రాములు, ముక్కు మీద పడుతుంది. అరగంట దాటితే నాకు కళ్లు లాగుతాయి. బొమ్మలో వస్తువు దగ్గరికొస్తే రెండు కళ్లూ లోపలికి తిరుగుతాయి, ఫోకస్ మాత్రం అదే దూరంలో నిలిచి ఉండాలి. వీఆర్‌లో కళ్లు అలసిపోవడానికి ఆ తగవు ఒక కారణం అంటారు. తీసి కాసేపు డాబా మీద నుంచి దూరంగా చూస్తాను. ఎండాకాలంలో చెమటకు లెన్సులు మసకబారతాయి, కూలర్ ముందే కూర్చోవాలి. లెన్సుల మీద నేరుగా ఎండ పడనివ్వకండి. భూతద్దంలా కిరణాలను ఒకచోట చేర్చి లోపలి తెరను కాల్చేస్తాయి. మా ఇంట్లో అది బీరువాలోనే ఉంటుంది.

మా బాబు రోజూ అడుగుతాడు. పదేళ్లలోపు పిల్లలకు వద్దని మెటానే చెబుతోంది, వాడికి దసరాకు పది నిండుతాయి. ఆలోపు ఇద్దరం కంటి పరీక్షకు వెళ్తున్నాం. నాకు ఏటా చేయించుకోవాల్సిన రెటీనా పరీక్ష ఉంది. వాడికి ఒక్కో కన్నూ మూసి విడివిడిగా చదివించమని డాక్టరును నేనే అడుగుతాను.