రేషన్ బియ్యమా, ఖాతాలో డబ్బా, వండిన భోజనమా: ఆకలికి ఏది మేలు?

రేషన్ బియ్యం ఆపేసి ఆ సొమ్ము నేరుగా ఖాతాలో వేయవచ్చు కదా అనే మాట ఏటా వినిపిస్తూనే ఉంటుంది. వినడానికి సబబుగానే ఉంటుంది, కాబట్టి కొట్టిపారేయకుండా తూచి చూడాలి. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఇంటికి బియ్యం రావాలి, పిల్లలకూ గర్భిణులకూ వండిన భోజనం అందాలి. డబ్బు ఇస్తే వీటికి తోడుగా ఇవ్వాలి తప్ప వీటిని ఆపి ఇవ్వకూడదు.

ముందుగా బియ్యం సంగతి. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయలకే బియ్యం ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు ఇది ఖజానాకు మోయలేని భారమని అన్నవాళ్లు చాలామంది. ముప్పై ఏళ్లకు, 2013లో, అదే ఆలోచన ఆహార భద్రత చట్టమై దేశమంతటికీ హక్కుగా మారింది. మనిషికి నెలకు 5 కిలోలు, నిరుపేదలకిచ్చే అంత్యోదయ కార్డున్న కుటుంబానికి 35 కిలోలు. 2023 జనవరి నుంచి కేంద్రం దీన్ని ఉచితంగా ఇస్తోంది. తెలంగాణలో మనిషికి 6 కిలోలు.

అయిదు కిలోలంటే రోజుకు సుమారు 167 గ్రాములు. కూలి పనికి వెళ్లే మనిషికి ఒక పూట గడుస్తుంది, అంతే. మిగతా పూటకు బియ్యం, రెండు పూటలకూ పప్పు, నూనె, కూర బయట కొనుక్కోవలసిందే. అయినా ఈ బియ్యానికి ఒక గొప్ప గుణం ఉంది: బజారులో ధర ఎంత పెరిగినా సంచిలో తూకం తగ్గదు. పని దొరకని నెలలో పేద ఇంటికి ఇంతకు మించిన ధైర్యం లేదు.

లోపాలూ తక్కువేమీ కాదు. దొడ్డు బియ్యం తినలేక కిలోకు పదో పరకో తీసుకుని వ్యాపారికి అమ్మేసేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ఆ బియ్యమే మిల్లుల్లో మెరుగు పెట్టించుకుని కాకినాడ రేవుదాకా వెళ్లి పట్టుబడిన వార్తలు ఎన్నో చదివాం. పేదలకు బియ్యం అక్కర్లేదనడానికి దీన్నే రుజువుగా చూపిస్తారు. వాళ్లకు అక్కర్లేనిది తినలేని బియ్యం. తెలంగాణ 2025 ఉగాదినాడు సన్నబియ్యం పంపిణీ మొదలుపెట్టడం అందుకే నాకు సరైన మందుగా కనిపిస్తుంది. ఇంట్లో వండుకోదగిన బియ్యం ఇస్తే అమ్ముకునే అవసరం తగ్గుతుంది.

చౌకధరల దుకాణం ముందు వరుసలో ఒక్కసారి నిలబడి చూడండి. ఓ ముసలమ్మ యంత్రం మీద వేలు పెడుతుంది, పడదు. కొంగుతో తుడుచుకుని మరో వేలు పెడుతుంది, అదీ పడదు. ఏళ్ల తరబడి నాట్లు వేసి, అంట్లు తోమిన వేళ్ల మీద గీతలు ఎక్కడ మిగులుతాయి? వరుస ఆగిపోతుంది, వెనకవాళ్లు విసుక్కుంటారు, ఆమె తప్పు చేసినట్టు పక్కకు జరుగుతుంది. ఇది చూసినప్పుడల్లా నాకు కోపం వస్తుంది. డబ్బు ఇచ్చినా ఆమెకు ఈ కష్టం తప్పదు. ఊళ్లో బ్యాంకు తరఫున డబ్బు ఇచ్చే బ్యాంకు మిత్ర దగ్గర పెట్టవలసిందీ అదే వేలు.

ఇక డబ్బు సంగతి. గోదాములు, లారీలు, తరుగు, దొంగతనం తప్పుతాయి, ఎవరికి కావలసింది వాళ్లు కొనుక్కుంటారు అనే వాదనలో నిజం ఉంది. పుదుచ్చేరి, చండీగఢ్‌లలో 2015లో నగదు ఇవ్వడం మొదలుపెట్టారు. పట్టణాల్లో, బ్యాంకూ బజారూ దగ్గరగా ఉన్నచోట కొంతవరకు నడుస్తుంది. పల్లెల్లో నడవదు. జార్ఖండ్‌లో రాంచీ పక్కనున్న నగ్డీలో 2017లో ఇలాగే చేస్తే, డబ్బు పడిందో లేదో తెలుసుకోవడానికి బ్యాంకుకు, తీసుకోవడానికి మరోచోటికి, ఆ డబ్బుతో బియ్యం కొనడానికి మళ్లీ రేషన్ దుకాణానికి జనం తిరగవలసి వచ్చింది. వాళ్లు రోడ్డెక్కారు, మరుసటి ఏడాది ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. కర్ణాటక 2023లో, కేంద్రం ఇచ్చేదానికి అదనంగా ఇస్తానన్న బియ్యం దొరక్క, కిలోకు 34 రూపాయల చొప్పున డబ్బు ఇచ్చింది, 2025లో తిరిగి బియ్యానికే వచ్చింది. ఆ 34 రూపాయలకు మంచి బియ్యం కిలో వచ్చే దుకాణం ఎక్కడుందో చెప్పండి.

వలస కూలీలకైనా డబ్బే మేలంటారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల మధ్య ఒక రాష్ట్రం కార్డుతో మరో రాష్ట్రంలో బియ్యం తీసుకునే వీలు 2019 ఆగస్టులోనే వచ్చింది. శ్రీకాకుళం నుంచి హైదరాబాద్ వచ్చిన మేస్త్రీ కుటుంబానికి కావలసింది ఆ వీలు గురించి డీలరు సరిగా చెప్పడం, సరుకు నిండుకోకుండా ఉంచడం.

అయితే నన్ను ఎక్కువగా కలవరపెట్టేది కడుపు నిండినా తీరని ఆకలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అయిదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగిన ఎత్తు లేనివాళ్లు తెలంగాణలో 33.1 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం. మహిళల్లో సగానికి పైగా రక్తహీనత. నలభై ఏళ్లుగా చౌక బియ్యం తింటున్న రాష్ట్రాలివి! అన్నం ఉంది, పక్కన పప్పు లేదు, గుడ్డు లేదు, పాలు లేవు. ఇంటికి గుడ్డు తెచ్చినా అది ముందు పనికి వెళ్లే మగవాడి కంచంలోకో, పెద్ద కొడుకు కంచంలోకో వెళుతుంది. గర్భిణి చివర తింటుంది, మిగిలితే.

ఇక్కడే వండిన భోజనం మిగతా రెండింటినీ దాటిపోతుంది. తెలంగాణలో 2015 నుంచి అమలవుతున్న ఆరోగ్యలక్ష్మి కింద అంగన్‌వాడీలో గర్భిణికి, బాలింతకు ఒక పూట పూర్తి భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. అక్కడే కూర్చుని తినాలి కాబట్టి ఆ గుడ్డు ఆమెదే. బడి భోజనమూ అంతే. బడి వరండాలో ఏ కులం పిల్లలైనా ఒకే బంతిలో తినడం దానితో వచ్చిన మరో మేలు. ఇందులోనూ చిక్కులున్నాయి. మధ్యాహ్నం కూలిలో ఉన్న గర్భిణి అంగన్‌వాడీకి రాలేదు. వంట చేసే మహిళలకు బిల్లులు నెలల తరబడి రాకపోతే వాళ్లు అప్పు తెచ్చి పొయ్యి వెలిగిస్తారు, లేదా చారు పలచన చేస్తారు. ఈ భోజనానికి ఇంకా ఖర్చు పెట్టాలని నేనంటున్నది అందుకే: బిల్లులు నెలనెలా రావాలి, గుడ్డు ధర పెరిగితే కేటాయింపు కూడా అదే నెలలో పెరగాలి.

వేసవి మాటేమిటి? ఏప్రిల్ చివర బడి మూతపడితే జూన్ రెండో వారం దాకా ఆ భోజనం లేదు. పల్లెల్లో పనులు సన్నగిల్లే రోజులూ అవే. 2016లో కరువు ప్రాంతాల్లో సెలవుల్లోనూ బడి భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు ఆదేశించింది, మన రెండు రాష్ట్రాలూ అప్పుడు ఆ జాబితాలో ఉన్నాయి. వానలు పడిన ఏడాదిలోనూ ఆ పిల్లలకు మే నెలలో ఆకలి వేస్తుంది. ఆ ఆదేశాన్ని ప్రతి వేసవికీ నియమంగా మార్చాలి.