లాగోస్‌లో ఫీజు లేని బ్యాలే క్లాసు: లీప్ ఆఫ్ డాన్స్ అకాడమీ మీద నా అభిప్రాయం

రేటింగ్ ముందే చెప్పేస్తున్నాను, ఐదుకి నాలుగున్నర. ఆ అర ఎందుకు తగ్గిందో కింద రాస్తాను, అది నేర్పేవాళ్ల లోపం కాదు.

లీప్ ఆఫ్ డాన్స్ అకాడమీ నైజీరియాలో, లాగోస్ శివార్లలో అజాంగ్బడి అనే పేదల పేటలో ఉంది. డేనియల్ అజాలా అనే యువకుడు 2017లో దాచుకున్న డబ్బు పెట్టి తన ఇంట్లోనే మొదలుపెట్టారు. ఫీజు లేదు, పిల్లల దగ్గర ఒక్క నైరా కూడా తీసుకోరు. నేను లాగోస్ వెళ్లి చూసినదాన్ని కాదు. 2020 నుంచి వాళ్ల ఇన్‌స్టాగ్రామ్ పేజీనీ, వాళ్ల గురించి పత్రికల్లో వచ్చినవాటినీ వదలకుండా చూస్తూ వస్తున్నాను. మా అమ్మాయి ఏళ్ల తరబడి కూచిపూడి నేర్చుకుంటోంది కాబట్టి ఒక డాన్స్ క్లాసులో ఏం గమనించాలో నాకు కొంత తెలుసు, ఆ తెలిసినదాన్ని బట్టే ఇది రాస్తున్నాను.

వీళ్ల పేరు తెలియకపోయినా ఆ వాన వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. 2020 జూన్‌లో, మనందరం కరోనాకి ఇళ్లలో కూర్చున్న రోజుల్లో వచ్చింది. పదకొండేళ్ల ఆంథొనీ మాడు అనే పిల్లవాడు, చెప్పులు కూడా లేకుండా, తడిసి ముద్దయిన సిమెంటు నేల మీద బ్యాలే ప్రాక్టీసు చేస్తుంటాడు. పైన వాన పడుతూనే ఉంటుంది, నేల ఎగుడుదిగుడుగా ఉంటుంది, ఆ నేల మీదే ఒంటికాలి మీద గిర్రున తిరుగుతాడు, గాల్లోకి లేచి దిగుతాడు. జారితే మోకాలి చిప్ప పగిలే నేల అది. ఒక పోటీకి తయారవుతూ చేసిన ప్రాక్టీసు అట, వాన వచ్చిందని ఆపలేదు. హాలీవుడ్ నటి వయోలా డేవిస్ షేర్ చేశాక ఆ వీడియోని కోటికి పైగా చూశారు. అమెరికన్ బ్యాలే థియేటర్ అనే పెద్ద డాన్స్ బృందం వాళ్ల స్కూలు ఆ పిల్లవాడికి స్కాలర్‌షిప్ ఇచ్చి ఆ వేసవిలో ఆన్‌లైన్ క్లాసుల్లో చేర్చుకుంది, క్లాసు చూడ్డానికి ఇంట్లో ఇంటర్నెట్ ఏర్పాటూ చేయించింది. ఆ తర్వాత ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్‌లోని ఎల్మ్‌హర్స్ట్ బ్యాలే స్కూల్లో సీటు వచ్చింది. 2024లో డిస్నీ వాళ్లు అతని మీద డాక్యుమెంటరీ కూడా విడుదల చేశారు.

అందరూ ఈ కథ దగ్గరే ఆగిపోతారు, నా గొడవంతా అక్కడే. ఆ వీడియో వచ్చేనాటికి అక్కడ నేర్చుకుంటున్నది ఒక డజను మంది పిల్లలు. ఒకడు బర్మింగ్‌హామ్ వెళ్లాడు, సంతోషం. మిగతా పిల్లలు మర్నాడు కూడా స్కూల్ అయిపోగానే అదే ఇంటికి వచ్చారు కదా! ఈ అకాడమీ మంచిదా కాదా అన్నది ఆ పిల్లల్ని చూసి తేల్చాలి.

ఆ వీడియో వచ్చిన రోజుల్లో ఆ క్లాసు ఎలా ఉండేదంటే, ప్రత్యేకంగా స్టూడియో అంటూ లేదు. గరుకు నేల మీద వినైల్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఒక పల్చటి షీటు పరిచేవారు, దాని మీదే క్లాసు. డబ్బున్న బ్యాలే స్కూళ్లలో కూడా ఇలాంటి షీటు వాడతారు, కాలు జారకుండా కాస్త పట్టు ఉండటానికి. కాకపోతే అక్కడ దాని కింద చెక్క నేల ఉంటుంది, ఆ చెక్క కింద ఖాళీ గానీ మెత్తటి దిమ్మలు గానీ పెట్టి కొంచెం లోపలికి వంగి పైకి లేచేలా కడతారు. దూకి దిగినప్పుడు పడే దెబ్బలో కొంత ఆ నేల తీసుకుంటుంది. సిమెంటు మీద షీటు పరిస్తే పట్టు మాత్రమే వస్తుంది, దెబ్బంతా పిల్లల మడమలకీ, పిక్కల ముందున్న ఎముకలకీ వెళ్తుంది. మన కూచిపూడిలో కూడా అరమండిలో, అంటే మోకాళ్లు పక్కలకి వంచి నిలబడి గచ్చు మీద పాదం కొడతాం, మోకాళ్ల నొప్పులు మనకీ కొత్త కాదు, కానీ బ్యాలే క్లాసులో చివరి భాగం దాదాపు అంతా దూకుళ్లే. ఎదిగే ఎముకలతో ఏళ్ల తరబడి అలా చేస్తే ఎముకలో సన్నటి చీలికలు వచ్చే ప్రమాదం ఉంది. నేను తగ్గించిన అర మార్కు ఈ నేలకి. సాయం చేయాలనుకునే వాళ్లెవరైనా ముందు అడగాల్సింది దీని గురించే అని నా గట్టి నమ్మకం.

ఇక నేర్పే మనిషి సంగతి. అజాలా ఒక అమెరికన్ డాన్స్ సినిమా చూసి బ్యాలే మీద ఇష్టం పెంచుకున్నారు, పుస్తకాలూ ఇంటర్నెట్ వీడియోలూ చూసి నేర్చుకున్నారు. గురువు దగ్గర కూర్చోకుండా డాన్స్ ఎలా వస్తుందని మనవాళ్లకి అనుమానం రావడం సహజం, నాకూ వచ్చింది. ఎందుకంటే బ్యాలేలో కాళ్లు బయటికి తిప్పడం తుంటి దగ్గర నుంచి జరగాలి, పక్కన ఎవరూ లేకపోతే పిల్లలు మోకాలిని మెలిపెట్టి పాదాన్ని తిప్పేస్తారు, చూడ్డానికి ఒకేలా ఉంటుంది, రెండేళ్ల తర్వాత మోకాలు చెబుతుంది అసలు సంగతి. ఈ అనుమానానికి నాకు దొరికిన జవాబు ఏమిటంటే, పెద్ద బ్యాలే స్కూళ్లు పిల్లల్ని తీసుకునేటప్పుడు మొదట చూసేది ఈ పునాదినే. వీడియో ఎంత పాపులర్ అయినా, కాలూ నడుమూ సరిగ్గా లేని పిల్లవాడు ఫుల్‌టైమ్ ట్రైనింగ్‌లో నిలవడు. కాబట్టి ఆ ఇంట్లో, ఆ షీటు మీద, పునాది జాగ్రత్తగానే పడుతోంది.

దీనికంటే కష్టమైన పని తల్లిదండ్రుల్ని ఒప్పించడం అనుకుంటాను. బిగుతు బట్టలు, కాళ్లు పైకెత్తడం చూసి ఇది అసభ్యం, క్రైస్తవ పద్ధతి కాదు అని మొదట్లో చుట్టుపక్కలవాళ్లు అన్నారట. మగపిల్లలైతే ఇక చెప్పక్కర్లేదు. ఇది చదివినప్పుడు నాకు మన సంగతే గుర్తొచ్చింది. కూచిపూడి ఊళ్లో తరతరాలుగా ఆడింది మగవాళ్లే, వేదాంతం సత్యనారాయణ శర్మగారు సత్యభామ వేషం కడితే జనం నిజంగా ఆడమనిషే అనుకున్నారని పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. అంత చరిత్ర ఉన్న మనం కూడా ఇవాళ అబ్బాయిని డాన్స్ క్లాసులో వేయమంటే క్రికెట్ కోచింగ్ వైపు చూస్తాం. మా అమ్మాయి క్లాసులో అబ్బాయిలు లేనే లేరు. అజాంగ్బడిలో ఇంటింటికీ నచ్చజెప్పి అబ్బాయిల్నీ అమ్మాయిల్నీ ఒకే గదిలో నిలబెట్టడం మామూలు విషయం కాదు.

బూట్ల గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే దీని ఖర్చు బయటివాళ్లకి తెలీదు. అమ్మాయిలు వేలి కొనల మీద నిలబడే బూట్లున్నాయే, వాటి ముందు భాగం ఇనుమో చెక్కో కాదు, గుడ్డా కాగితమూ పొరలు పొరలుగా జిగురుతో అంటించి గట్టిపరిచింది. చెమటకీ ఒత్తిడికీ మెత్తబడిపోతుంది. మెత్తబడ్డ బూటుతో నిలబడితే చీలమండకి ప్రమాదం, కాబట్టి పారేయాల్సిందే. అమెరికాలో జత వంద డాలర్ల చుట్టూ ఉంటుంది, పెద్ద బ్యాలే బృందాల్లో డాన్సర్లు ఒక్కోసారి ఒక్క ప్రదర్శనకే ఒక జత అరగదీస్తారు. ఇంకోటి, ఈ బూట్లు చాలాకాలం తెల్లవాళ్ల ఒంటిరంగుకి సరిపోయే లేత గులాబీ రంగులోనే దొరికేవి. నల్లజాతి డాన్సర్లు తమ మేకప్‌ని బూట్లకి పూసుకునేవాళ్లు. లండన్‌లో బ్యాలే బ్లాక్ అనే నల్లజాతి, ఆసియా డాన్సర్ల బృందంతో కలిసి, బూట్లు తయారుచేసే ఫ్రీడ్ కంపెనీ గోధుమ రంగు బూట్లు తెచ్చింది 2018లో, అంటే అజాలా క్లాసు మొదలైన ఏడాది తర్వాత! తమ కాలి రంగుకి బూటు కూడా లేని కళని ఈ పిల్లలు పట్టుకున్నారంటే వాళ్ల ఇష్టం ఎంతటిదో చూడండి.

మన దేశంలోనూ అదే 2020లో ఇలాంటిదే జరిగింది. ఢిల్లీలో ఈ-రిక్షా నడిపే ఆయన కొడుకు కమల్ సింగ్‌కి లండన్‌లోని ఇంగ్లిష్ నేషనల్ బ్యాలే స్కూల్లో సీటొస్తే, హృతిక్ రోషన్‌తో సహా జనం చందాలు వేసి పంపించారు. చాలా మంచి పని. అయితే ఒక పిల్లవాడు విమానం ఎక్కేటప్పుడు కదిలినంత డబ్బు, అతనికి అడుగులు నేర్పిన గదికి కదలదు. లాగోస్ అయినా ఢిల్లీ అయినా ఇదే వరస. ఆ గదిలో ఫ్యాన్, అద్దం, నేల, పట్టుకుని నిలబడే కడ్డీ, ప్రాక్టీసు అయ్యాక పిల్లలకి తినడానికి ఏదైనా, వీటికి ఎవరూ హెడ్‌లైన్ రాయరు.

ఒకే ఒక్క మనిషి భుజాల మీద నడిచే సంస్థలకి ఉండే భయం దీనికీ ఉంది, ఆయనకి ఒంట్లో బాగోకపోతే క్లాసు సంగతేంటి అని. అందుకే పెద్ద పిల్లలు చిన్న పిల్లలకి నేర్పే స్థాయికి వచ్చేదాకా ఇలాంటి చోటికి ఒకేసారి పెద్ద చెక్కు కంటే నెలనెలా వచ్చే చిన్న మొత్తమే ఎక్కువ పనికొస్తుంది.

అమెరికాలో, ఇంగ్లండ్‌లో ఉంటూ పిల్లల్ని బ్యాలేలో వేసిన తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. మీ పిల్లలకి పొట్టయిపోయిన బూట్లు ఇంట్లో పడి ఉంటాయి. మెత్తటి బ్యాలే చెప్పులైతే, బాగా ఉంటే, ఇంకొకరికి పనికొస్తాయి. వేలి కొనల మీద నిలబడే బూట్లు మాత్రం వాడినవి పంపకండి, అవి ఒకరి పాదానికి వంగిపోయి ఉంటాయి, ఇంకొకరికి ప్రమాదం. ఏది పంపాలన్నా ముందు వాళ్ల పేజీకి మెసేజ్ పెట్టి ఏం కావాలో, ఏ సైజులు కావాలో అడగండి. కొరియర్ ఖర్చు బూట్ల విలువని దాటేస్తుంటే ఆ డబ్బే పంపించేయండి, నేల కోసం అని రాసి మరీ పంపండి.