పర్లాకిమిడిలో డిస్లెక్సియా పిల్లల శిక్షణ కేంద్రం: వెళ్లదలచిన తల్లిదండ్రుల కోసం

ఆంధ్ర సరిహద్దున ఒడిశాలోని గజపతి జిల్లా కేంద్రమైన పర్లాకిమిడిలో ఒక ఇంటి మేడ మీద, రెండు గదులలో నడుస్తున్న ఈ కేంద్రానికి బోర్డు లేదు, పేరూ లేదు. తెలిసినవారంతా ‘టీచరమ్మ గారి మేడ’ అని చెప్పుకుంటారు. ప్రత్యేక విద్యలో బి.ఎడ్. చేసి భారత పునరావాస మండలిలో నమోదైన ఒక ఉపాధ్యాయురాలు, ఆమెకు సహాయకురాలిగా ఒక యువతి, ఈ ఇద్దరే దీనిని నడుపుతున్నారు. చదవడంలోనూ రాయడంలోనూ వయసుకు తగినట్లు సాగలేని పిల్లలను పరీక్షించి, అవసరమైనవారికి వారంలో మూడు సాయంత్రాలు విడివిడిగా పాఠం చెప్పడం ఇక్కడి పని. నాల్గవ తరగతి చదువుతున్న మా అక్క కొడుకును ఏడాదిగా నేనే తీసుకువెళ్లి తీసుకువస్తున్నాను కనుక ఇక్కడి మంచిచెడ్డలు రెండూ దగ్గరగా చూశాను.

ఈ సరిహద్దు ఊళ్లలో తెలుగువారి పిల్లల పరిస్థితి కొంత విచిత్రమైనది. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు, రెండవ భాషగా ఒడియా, ఆ పైన హిందీ. అంటే పదేళ్లు నిండకముందే నాలుగు భాషలతోనూ నాలుగు లిపులతోనూ కుస్తీ పట్టాలి. అటువంటి పిల్లవాడు చదువులో వెనకబడితే బడివారు చెప్పే కారణం ఒక్కటే: “మీ ఇంట్లో ఒడియా మాట్లాడరు కదా, మెల్లగా అదే వస్తుంది.” చాలామంది పిల్లల విషయంలో ఈ మాట నిజం కావచ్చు. డిస్లెక్సియా, అంటే తెలివి ఉండి కూడా చదవడంలో రాయడంలో వచ్చే ఇబ్బంది, ఉన్న పిల్లవాడి విషయంలో మాత్రం ఇదే మాట ఏళ్ల తరబడి అడ్డుగోడ అవుతుంది. భాష కొత్తది కావడం వలన వచ్చే తడబాటు ఏది, ఏ భాషలోనైనా వెంట వచ్చే ఇబ్బంది ఏది అని విడదీసి చూడగలగడమే ఈ కేంద్రానికి ఉన్న అసలైన యోగ్యత అని నా అభిప్రాయం.

దీనికి టీచరమ్మ గారు చూపిన ఉదాహరణ చిన్నదే గానీ చాలా తెలివైనది. ఒడియాలో హల్లుకు సహజంగా అంటి ఉండే అచ్చు మన ‘అ’ వంటిది కాదు, ‘ఒ’కు దగ్గరగా ఉంటుంది, అందువల్ల ఇల్లు అనే అర్థంలో రాసిన రెండక్షరాలను వారు ‘ఘొరొ’ అని పలుకుతారు, తెలుగింటి పిల్లవాడు ‘ఘర’ అని చదువుతాడు. హిందీలోనైతే అదే మాట చివరి అచ్చు ఊడిపోయి ‘ఘర్’ అవుతుంది. ‘ఘర’ అని చదివిన పిల్లవాడు అక్షరాన్ని సరిగానే గుర్తించాడు, తన ఇంటి పలుకుబడితో పలికాడు, కాబట్టి అది లోపం కాదు. అదే పిల్లవాడు పుట్టినప్పటి నుంచి వింటున్న తెలుగులో కూడా శబ్దాలను విడదీయలేక, కలపలేక సతమతమవుతుంటే, అప్పుడు ఆగి ఆలోచించాలి.

అందుకే ఇక్కడి పరీక్ష చెవితో, అదీ తెలుగుతో మొదలవుతుంది. గోడ పక్కన కూర్చుని నేను చూసిన మొదటి పరీక్షలో పుస్తకమే లేదు. “కమలలో ‘క’ తీసేస్తే ఏం మిగిలింది నాన్నా?” అని అడిగితే మావాడు కాస్త ఆలోచించి “మల” అన్నాడు. “మరి ‘పాట’లో మొదటి ‘ప్’ తీసేసి దాని చోట ‘మ్’ పెట్టు” అంటే బిక్కమొహం వేశాడు. తరువాత కుండ, ఆవు, పువ్వు, ఆకు, గొడుగు బొమ్మలే వరుస మార్చి మార్చి వేసిన అట్టను ముందుంచి, వేళ్లతో చూపకుండా ఎంత వేగంగా చెప్పగలడో గడియారం పెట్టి చూశారు. బొమ్మలన్నీ బాగా తెలిసినవే అయినా రెండో వరుసకే వాడికి మాట అందలేదు. ఆ తరువాతనే చదువు. వాడికి తెలుగు అక్షరాలు మా అమ్మ నేర్పింది, అందువల్ల ‘పలక’ అన్న మాటను తేలికగానే చదివాడు. దాని కిందనే ఏ అర్థమూ లేని ‘లపక’ అన్న మాట ఉంటే దాన్నీ ‘పలక’ అనే చదివాడు. తెలిసిన మాటను చూపుతో పోల్చుకోవడం వేరు, అక్షరం వెంట అక్షరం కూడబలుక్కుని చదవడం వేరు అన్నది ఆ ఒక్క అట్టతోనే మాకు కళ్లకు కట్టింది. ‘పుస్తకం’ రాయమంటే ‘పుసకం’ అని రాశాడు. ఇంగ్లీషు ‘బి’, ‘డి’లను తారుమారు చేయడమే డిస్లెక్సియాకు గుర్తు అని నలుగురూ అనుకుంటారు గానీ, ఆరేడేళ్ల లోపు పిల్లలలో అది మామూలేనని, దాని ఒక్కదాని మీద ఏ నిర్ణయానికీ రాకూడదని ఆమె స్పష్టంగా చెప్పారు.

తల్లిదండ్రులకు వివరించడంలో ఆమెకు ఓపిక ఎక్కువ. ఇది తెలివికి సంబంధించిన లోటు కాదని, కంటిచూపు దోషమూ కాదని, శబ్దాన్నీ అక్షరాన్నీ ముడిపెట్టే పనిలో మెదడు పడే ఇబ్బంది అని, కుటుంబాలలో తరతరాలుగా కనిపించే అవకాశం ఉందని మా అక్కకు, బావగారికి కూర్చోబెట్టి చెప్పారు. 1896లోనే ప్రింగిల్ మోర్గన్ అనే ఆంగ్ల వైద్యుడు, చురుకుగా ఉండి కూడా చదవడం రాని ఒక పద్నాలుగేళ్ల బాలుడి గురించి వైద్య పత్రికలో రాశాడట. అంత పాత సంగతిని మన బడులు నేటికీ సోమరితనం పద్దులోనే వేస్తున్నాయి. రంగు అద్దాలతోనూ ప్రత్యేకమైన అచ్చు అక్షరాలతోనూ నయం చేస్తామని చెప్పేవారిని నమ్మవద్దని, వాటి వలన చదువు మెరుగుపడుతుందనడానికి సరైన ఆధారం లేదని కూడా ఆమె మొహమాటం లేకుండా చెబుతారు. తన దగ్గరే కొనమని ఆమె అంటగట్టే సరుకు ఏదీ లేకపోవడం నాకు నచ్చిన మరో సంగతి.

పాఠం ముప్పావుగంట సాగుతుంది. 1930లలో అమెరికాలో ఆర్టన్, గిల్లింగ్‌హమ్ అనే ఇద్దరు రూపొందించిన పద్ధతి దీనికి మూలం: చూస్తూ, వింటూ, పలుకుతూ, చేత్తో రాస్తూ ఒక్కొక్క శబ్దాన్నీ వరుస తప్పకుండా నేర్పడం. దానిని తెలుగుకు ఆమె మలచుకున్న తీరు చూడదగినది. బియ్యం పోసిన పళ్లెంలో అక్షరం దిద్దుతూ దాని శబ్దాన్ని పైకి అనాలి. గుణింతాన్ని గొలుసులా వల్లె వేయించరు. హల్లుకు ఒక చెక్కబిళ్ల, తలకట్టుకూ గుడికీ కొమ్ముకూ వేరే రంగు బిళ్లలు ఇచ్చి పిల్లవాడి చేతనే అతికించి పలికిస్తారు. వత్తుల బిళ్లలు ఎర్రనివి, అవి కిందనే అమరుతాయి. ‘పుస్తకం’లోని ‘త’వత్తును మావాడు మొదటిసారి తనంతట తాను వెతికి పెట్టినది ఆ బిళ్లలతోనే. తప్పు రాస్తే పదిసార్లు రాయించే శిక్ష ఇక్కడ లేదు. ఇంటి దగ్గర రోజూ పది నిమిషాలు పెద్దవారు గొంతు కలిపి చదవాలని మాత్రం గట్టిగా చెబుతారు. ఈ ఊళ్లోనే ఉపాధ్యాయుడిగా ఉండి, సవర అనే గిరిజన తెగ పిల్లలకు వారి మాటలోనే వాచకాలు తయారుచేసిన గిడుగు రామమూర్తి గారు ఈ బిళ్లలను చూసి ఉంటే సంతోషించేవారని నాకనిపించింది.

ఫలితం సంగతికి వస్తే, కొత్త మాటను ఊహించి చదివే అలవాటు చాలావరకు తగ్గింది, తెలుగులో తప్పులు తగ్గాయి. వేగం మాత్రం పెద్దగా పెరగలేదు. తెలుగు వంటి, రాసినట్లే చదివే లిపులలో డిస్లెక్సియా తప్పుల కంటే నెమ్మదితనంగానే ఎక్కువ కనిపిస్తుందని, దానికి కాలం పడుతుందని ఆమె ముందే చెప్పారు. ఇంగ్లీషు స్పెల్లింగు ఇంకా కష్టంగానే ఉంది.

ఇక లోపాలు. పరీక్షకు 1,500 రూపాయలు, నెలకు 2,000 రూపాయలు తీసుకుంటారు; నగరాలతో పోలిస్తే తక్కువే అయినా ఇక్కడి చిన్న ఉద్యోగికి భారమే, రాయితీ కూడా లేదు. పరీక్ష తేదీ దొరకడానికి నెలలు పడుతుంది. తెలుగులో అంత చక్కగా వివరించేవారు నివేదికను మాత్రం ఇంగ్లీషులోనే ఇస్తారు, దానిని మా అమ్మకు నేనే చదివి చెప్పవలసి వచ్చింది. ఒడియాకు సరిపడా బిళ్లలూ వాచకాలూ లేవు. బడిలో మార్కులు పోతున్నది ఆ భాషలోనే కనుక ఇది చిన్న లోటు కాదు. బడికి ఆమె రాసిన ఉత్తరానికి చాలాకాలం జవాబు రాలేదు, అందులో ఆమె తప్పేమీ లేదు.

అన్నిటికంటే ముందు తెలుసుకోవలసినది, ఈ కేంద్రం ఇచ్చే నివేదిక వైకల్య ధ్రువపత్రం కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం డిస్లెక్సియాను నిర్దిష్ట అభ్యసన వైకల్యాలలో, అంటే చదవడం, రాయడం, లెక్కలు వంటి వాటిలో వచ్చే ఇబ్బందులలో, చేర్చింది. 2018 జనవరిలో వచ్చిన మార్గదర్శకాలు ఎనిమిదేళ్లు నిండిన పిల్లలకే ధ్రువపత్రం ఇవ్వాలని, 14వ ఏటా 18వ ఏటా మళ్లీ పరీక్షించాలని చెప్పాయి. ఆ పత్రం వైద్యాధికారులు ఇచ్చేది. బడి పరీక్షలలో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు వంటి వెసులుబాట్లు అడగడానికి ఆ పత్రమే ఆధారం. ఈ తేడాను కేంద్రంవారు చెబుతారు గానీ కాగితాల పనిలో చేయి పట్టుకుని నడిపించరు, ఆ తిరుగుడంతా మనదే.

ఇంట్లో తెలుగు మాట్లాడుతూ ఒడియా బడికో ఇంగ్లీషు బడికో వెళ్లే పిల్లవాడి మీద అనుమానం ఉంటే, సరిహద్దుకు ఇవతల ఆంధ్రలోని పాతపట్నం వైపు నుంచైనా సరే వచ్చి ఇక్కడ పరీక్ష చేయించడం మంచిదని చెబుతాను. ఒడియానే ఇంటి భాష అయినవారికి మాత్రం బరంపురం వైపు చూడడం మేలు. వచ్చేటప్పుడు చూపు, వినికిడి పరీక్షల కాగితాలు ముందుగా తెచ్చుకోవాలి. అవి లేకపోతే ఆమె పరీక్ష మొదలుపెట్టరు. కిందటి ఏడాది నోటుపుస్తకాలు కూడా తీసుకురండి, టీచర్లు ఎర్ర సిరాతో దిద్దినవైతే ఇంకా మంచిది. ఆదివారం సెలవు.