కొత్త వ్యాపారానికి వర్డ్‌ప్రెస్: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

కొత్తగా వ్యాపారం మొదలుపెట్టి, వెబ్‌సైటును దేనిమీద కట్టించాలని అడిగేవారికి ఇప్పటికీ వర్డ్‌ప్రెస్ అనే సైటు తయారీ సాఫ్ట్‌వేర్ పేరే చెబుతాను. మా సంస్థ సైటు మొదటినుంచీ దానిమీదే నడుస్తోంది. డిజైనరు మారారు, థీమ్ (సైటు రూపురేఖలు) మారింది, హోస్టింగ్ (సైటును ఉంచే సర్వర్ సేవ) మారింది. రాసుకున్న పేజీలు మాత్రం చెక్కుచెదరలేదు. నేను దాన్ని మెచ్చుకునేది ముఖ్యంగా ఇందుకే. ఎంచుకునేటప్పుడు అందరూ సైటు ఎంత త్వరగా తయారవుతుంది, ఎంత అందంగా ఉంటుంది అనే చూస్తారు. మూడో ఏట దాన్ని ఎవరు చూసుకుంటారో, అవసరమైతే మన సమాచారంతో బయటికి రాగలమో లేదో అడిగేవారు తక్కువ.

ముందు ఒక తికమక తీర్చాలి. వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ అనేది ఆటోమాటిక్ అనే కంపెనీ నడిపే సేవ. వర్డ్‌ప్రెస్ డాట్ ఆర్గ్‌లో దొరికేది, ఉచితంగా దించుకుని మనకు నచ్చిన హోస్టింగ్‌లో పెట్టుకునే సాఫ్ట్‌వేర్. నేను రాస్తున్నది ఈ రెండోదాని గురించి. మ్యాట్ ములెన్‌వెగ్, మైక్ లిటిల్ 2003లో ఒక పాత బ్లాగు సాఫ్ట్‌వేర్ కోడును తీసుకుని దీన్ని మొదలుపెట్టారు. ఓపెన్ సోర్స్ (కోడు అందరికీ అందుబాటులో ఉండేది) కాబట్టి, దానికి కావాల్సిన పీహెచ్‌పీ భాష, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ ఉన్న సర్వర్ ఎక్కడున్నా నడుస్తుంది. పాత హోస్టింగ్‌లో మా సైటు నత్తనడక నడిచినప్పుడు ఫైళ్లు, డేటాబేస్ కాపీ చేసుకుని మరోచోటికి వెళ్లిపోయాం. ఎవరి అనుమతీ అడగాల్సిన పని లేకపోయింది.

మా సైటును రోజూ చూసుకునేవారెవరూ సాంకేతిక నిపుణులు కారు. కొత్త సేవ వివరాలు చేర్చాలన్నా, పాత ఫొటో తీసేయాలన్నా లాగిన్ అయి వాళ్లే చేసుకుంటారు. కొత్తగా చేరినవారికి కంట్రిబ్యూటర్ హోదా ఇస్తాం. పోస్టులు రాయగలరు కానీ ప్రచురించలేరు. ఒకసారి సంప్రదింపుల పేజీలో సగం సమాచారం చెరిగిపోతే, రివిజన్లు (వర్డ్‌ప్రెస్ దాచి ఉంచే పాత ప్రతులు) తెరిచి పాత రూపాన్ని అప్పటికప్పుడే వెనక్కి తెచ్చాం. 2018 డిసెంబరులో 5.0 వెర్షన్‌తో బ్లాక్ ఎడిటర్ (పేరాలు, ఫొటోలను విడివిడి బ్లాకులుగా పేర్చుకునే ఏర్పాటు) వచ్చినప్పుడు చాలామంది విసుక్కున్నారు. అలవాటయ్యాక నాకు అదే హాయిగా ఉంది.

ప్లగిన్లంటే వర్డ్‌ప్రెస్‌కు అదనపు సౌకర్యాలు చేర్చే చిన్న ప్రోగ్రాములు. అసలు జాగ్రత్త పడాల్సింది వాటిలో పేజీ బిల్డర్ల విషయంలో, అంటే మౌస్‌తో లాగి పేజీలు అమర్చుకునేవాటి విషయంలో. డిజైనర్లకు ఇవంటే ఇష్టం, పని చకచకా అయిపోతుంది. తెలిసినవారి సంస్థ సైటును సర్దడానికి కూర్చున్నప్పుడు దాని ఫలితం కళ్లారా చూశాను. పరీక్ష కోసం తీసుకున్న కాపీలో ఆ ప్లగిన్‌ను ఆపగానే ప్రతి పేజీలోనూ చదరపు బ్రాకెట్లలో కోడు ముక్కలు బారులు తీరాయి. వాళ్ల వాక్యాలు వాటి మధ్య ఎక్కడో చిక్కుకుని ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ ఉచితమే, సమాచారమూ వాళ్లదే, అయినా ఆ ఒక్క ప్లగిన్‌కు కట్టుబడిపోయారు. అందుకే మామూలు బ్లాకులతో, తేలికపాటి థీమ్‌తో కట్టిమ్మని డిజైనరుకు మొదటిరోజే చెప్పండి. మెరుపులు కాస్త తగ్గినా ఫరవాలేదు.

మిగతా ప్లగిన్ల విషయంలోనూ జాగ్రత్త అవసరమే. బయటపడే భద్రతా లోపాల్లో అత్యధికం వర్డ్‌ప్రెస్‌లో కాదు, ప్లగిన్లలోనే ఉంటున్నాయి. మేము బ్యాకప్, కాంటాక్ట్ ఫారం, క్యాషింగ్ (పేజీలు త్వరగా తెరుచుకునేలా చేసేది) లాంటివి తప్ప వేయం. ఏదైనా వేసేముందు దాన్ని చివరిసారి ఎప్పుడు అప్‌డేట్ చేశారో చూస్తాం. చిన్న భద్రతా అప్‌డేట్లు 2013 నుంచి వాటంతటవే పడుతున్నాయి. 2019లో వచ్చిన రికవరీ మోడ్ మాకు నిజంగా అక్కరకొచ్చింది. ఒక ప్లగిన్ అప్‌డేట్ కాగానే సైటు ఆగిపోతే, ఏ ప్లగిన్ వల్ల ఆగిందో చెబుతూ ఈమెయిల్ వచ్చింది. అందులోని లింకుతో లోపలికి వెళ్లి దాన్ని ఆపేశాం.

తెలుగులో సైటు నడిపేవారికి ఒక ప్రత్యేక సూచన. పేజీ శీర్షిక తెలుగులో ఉంటే దాని చిరునామా కూడా తెలుగులోనే తయారవుతుంది. డేటాబేస్‌లో ఆ చిరునామాకు 200 స్థానాలే ఉంటాయి, ఒక్కో తెలుగు సంకేతం తొమ్మిది తీసుకుంటుంది. గుణింతం, వత్తు, సున్న అన్నీ లెక్కలోకి వస్తాయి కాబట్టి ‘సంప్రదించండి’ అన్న ఒక్క మాటకే 108 పోతాయి. కాస్త పొడవైన శీర్షిక అయితే చిరునామా మధ్యలో తెగిపోతుంది. దాన్ని కాపీ చేసి ఎవరికైనా పంపితే శాతం గుర్తుల వరుసగా కనిపిస్తుంది. ప్రచురించే ముందే చిరునామాను రోమన్ లిపిలో చిన్నగా మార్చుకోవాలి. ఒకే సైటును రెండు భాషల్లో నడపడానికి వర్డ్‌ప్రెస్‌లో సొంత ఏర్పాటు లేకపోవడం నాకు పెద్ద లోటుగానే అనిపిస్తుంది. దానికీ ప్లగిన్ కావాల్సిందే. వర్డ్‌ప్రెస్‌లాంటివే అయిన ద్రుపల్, జూమ్లా ఈ విషయంలో మెరుగు.

అలాగని చిన్న సంస్థకు ద్రుపల్ చెప్పను. పెద్ద సంస్థల సంక్లిష్టమైన అవసరాలకు అది గట్టిది, కానీ డెవలపర్ చేతిలో ఉండాలి. ద్రుపల్ 7 మద్దతు 2025 జనవరి 5న ముగిసింది. అక్కడి నుంచి కొత్త వెర్షన్‌కు మారడమంటే దాదాపు సైటును మళ్లీ కట్టడమే. అప్‌డేట్లు, బ్యాకప్పులు చూసుకునే మనిషి అసలు లేకపోతే విక్స్, స్క్వేర్‌స్పేస్ లాంటి రెడీమేడ్ సైటు సేవలు నయం, ఆ బాధ్యత వాళ్లదే. కాకపోతే విక్స్ సైటును ఉన్నదున్నట్టు వేరే హోస్టింగ్‌కు తరలించలేం. ఆన్‌లైన్ అమ్మకాలే వ్యాపారమైతే నేరుగా ఆన్‌లైన్ దుకాణాల సేవ షాపిఫై చూడండి. అమ్మకాలు పక్కపనైతే వర్డ్‌ప్రెస్‌కు వూకామర్స్ అనే దుకాణం ప్లగిన్ జోడిస్తే సరిపోతుంది.

దేన్ని ఎంచుకున్నా డొమైన్ (సైటు పేరు), హోస్టింగ్ ఖాతాలు మీ పేరు మీద, మీ ఈమెయిల్‌తో తెరవండి. సైటు అప్పగించేరోజున డిజైనరు దగ్గర అడ్మినిస్ట్రేటర్ లాగిన్, పూర్తి బ్యాకప్ తీసుకుని, ఆ బ్యాకప్‌ను మరో సర్వర్‌లో ఒకసారి తెరిపించి చూసుకున్నాకే చివరి వాయిదా చెల్లించండి.