విజయవాడలో సిరామిక్ కోటింగ్ వేయిస్తున్నారా? డబ్బు కట్టేముందు ఇది చదవండి

కొత్త కారు కొని, పెయింట్ ఎక్కువకాలం కాపాడుకుందామని సిరామిక్ కోటింగ్ (పెయింట్ మీద పూస్తే ఆరి గట్టి పొరగా మారే ద్రవం) వేసే షాపులు వెతుకుతున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నాకు 18 వేలు పోయాయి. డబ్బుతో ఆగితే ఇంత బాధ ఉండేది కాదు, కారు పెయింట్ కూడా దెబ్బతింది.

మాది నలుపు రంగు కారు. ఇంటి దగ్గర షెడ్డు లేదు, వేపచెట్టు కిందే పార్కింగ్. పైనుంచి కాకి రెట్టలు, మధ్యాహ్నానికి నెత్తిన ఎండ. మే నెలలో బెజవాడ ఎండ ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. మామూలు వ్యాక్స్ ఈ ఎండకి రెండు నెలలు కూడా ఆగదని డీటెయిలింగ్ షాపతను అన్నాడు. ఆ మాట వరకు నిజమే. సిరామిక్ వేస్తే ఐదేళ్ళు గ్యారంటీ అని, నైన్ హెచ్ గట్టిదనం కాబట్టి గీతలే పడవని కూడా చెప్పాడు. ఆ నైన్ హెచ్ అనేది పెన్సిల్ గీతతో కొలిచే లెక్క అని, గుడ్డలో ఇసుక రేణువు ఉంటే గీత పడుతుందని నాకు తర్వాత తెలిసింది.

పొద్దున పదింటికి కారు ఇచ్చాను. మూడింటికల్లా ఫోన్ చేసి వచ్చి తీసుకెళ్ళమన్నాడు. నా ముందే మగ్గుతో బానెట్ మీద నీళ్ళు పోశాడు. తామరాకు మీద పోసినట్టు బొట్లుబొట్లుగా జారిపోయాయి. అది చూసి పూర్తిగా నమ్మేశాను.

అసలు నేను అనుమానపడాల్సింది అక్కడే. నిజంగా కోటింగ్ వేస్తే మొదటి రోజు నీళ్ళు తగలనివ్వరు. కనీసం ఒక రాత్రంతా షాపులోనే ఆరాలి, ఆ తర్వాత కూడా వారం దాకా కారు కడగొద్దంటారు. హీట్ ల్యాంపులు పెడితే కొంత త్వరగా ఆరుతుంది, అక్కడ అవేమీ లేవు. నీళ్ళు బొట్లుగా జారడానికి స్ప్రే వ్యాక్స్ కొట్టినా చాలు.

రెండు నెలలు తిరక్కుండానే బోరునీళ్ళ తెల్లమరకలు పట్టేశాయి. ఒకరోజు రాత్రి పెట్రోల్ బంకులో లైట్ల కింద చూస్తే బానెట్ నిండా సాలెగూడులా గుండ్రటి గీతలు. ఆటోనగర్‌లో తెలిసిన పెయింటర్ దగ్గరికి తీసుకెళ్ళాను. అతను మందం కొలిచే మీటర్ పెట్టాడు. రూఫ్, డోర్లు 118 మైక్రాన్లకి (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) అటూఇటూ చూపించాయి, బానెట్ మాత్రం 96. ‘కోటింగ్‌కి ముందు పాలిష్ పెట్టేటప్పుడు మెషిన్‌తో బాగా అరగదీశారు అన్నా, ఇంకోసారి పాలిష్ పెట్టించకు’ అన్నాడు. రంగు పైన ఉండే పారదర్శకమైన పొర, అంటే క్లియర్ కోట్, మందమే సుమారు 40, 50 మైక్రాన్లు. అరిగింది మళ్ళీ రాదు.

షాపుకి వెళ్తే వాళ్ళ దగ్గర నెలనెలా వాష్ చేయించలేదు కాబట్టి వారంటీ చెల్లదన్నాడు. కార్డు తిప్పి చూస్తే వెనక చీమ తలకాయంత అక్షరాల్లో అదే ఉంది. ముందువైపు షాపు స్టాంపు తప్ప కోటింగ్ కంపెనీ పేరు లేదు, బ్యాచ్ నంబర్ లేదు.

మీరు వెళ్తే కోటింగ్ సీసా సీలు మీ కళ్ళముందే తీయమనండి, ఖాళీ సీసా ఇంటికి తెచ్చుకోండి. పాలిష్‌కి ముందు, తర్వాత మీటర్ రీడింగులు బిల్లు మీదే రాయించండి. కోటింగ్ పూసేముందు ఆల్కహాల్‌తో తుడుస్తారా అని అడగండి. పాలిష్ నూనె మిగిలిపోతే కోటింగ్ పట్టదు. హైవే మీద ఎగిరొచ్చే రాళ్ళ కోసమైతే సిరామిక్ పనికిరాదు, దానికి పీపీఎఫ్ అనే మందపాటి ఫిల్మ్ వేరే ఉంది, ఖర్చు చాలా ఎక్కువ. నన్నడిగితే నీడలో పెట్టుకునే తెల్లకారుకి నాలుగైదు నెలలకోసారి మనమే మంచి సీలెంట్ (వ్యాక్స్‌లా చేత్తో రాసుకునే రక్షణ పూత) రాసుకుంటే సరిపోతుంది.

నాకు ఇచ్చింది కచ్చా చీటీ. ఫోన్‌పే స్క్రీన్‌షాట్, కార్డు, మీటర్ ఫొటోలు పెట్టి 1915 కన్జ్యూమర్ హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు ఇచ్చాను. ఇలాంటి కార్డే మీ చేతిలోనూ ఉంటే పారేయకండి, రాత్రిపూట లైటు కింద బానెట్ ఫొటోలు తీసి మీరూ ఫిర్యాదు పెట్టండి.