ఎండలో పేర్చిన హెల్లెస్ బీరు కొనకండి: మ్యూనిక్‌లో నాకు ఎదురైన అనుభవం

మ్యూనిక్‌లో, ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఉంటున్న మనవాళ్లకు ఈ సంగతి ముందే తెలియాలని రాస్తున్నాను. వేసవిలో దుకాణం బయట పేర్చి, తగ్గింపు ధర కాగితం అంటించి అమ్మే హెల్లెస్ కాస్టెన్‌ల (ఇరవై సీసాల పెట్టెల) జోలికి వెళ్లకండి. సీసా రంగులేని తెల్ల గాజుదో, ఆకుపచ్చ గాజుదో అయితే అసలే వద్దు. నేను అలాంటిదే కొని, ఇరవై సీసాలూ సింకులో పోశాను.

జూలైలో మా అక్క, బావగారు గుంటూరు నుంచి వచ్చారు. బావగారు ఎప్పుడో పండగకో పబ్బానికో ఒక గ్లాసు తీసుకునే మనిషి. "ఇక్కడివాళ్లు మామూలుగా తాగే బీరు ఏదో అది రుచి చూపించు, చాలు" అన్నారు. అంటే హెల్లెస్. ఇంటికి దగ్గరలోని పానీయాల దుకాణం గుమ్మం ముందు నాలుగు వరుసలుగా కాస్టెన్‌లు పేర్చి ఉన్నాయి. 12 యూరోల లోపే. లేబుల్ మీద మ్యూనిక్ ఉన్న బవేరియా రాష్ట్రపు జెండాలోని నీలి, తెలుపు గళ్లు. మరో ఆలోచన లేకుండా ఒకటి ఎత్తుకొచ్చాను.

రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి మర్నాడు సాయంత్రం పోశాను. రంగు చక్కగా ఉంది, నురుగు తెల్లగా పొంగింది. బావగారు గ్లాసు ముక్కు దాకా తీసుకెళ్లి, తాగకుండానే బల్ల మీద పెట్టేశారు. "రబ్బరు కాలినట్టు వాసన వస్తోంది, నీకు తెలియడం లేదా?" అన్నారు. నేనూ వాసన చూశాను. రబ్బరుతో పాటు కుళ్లిన ఉల్లిపాయ వాసన కూడా. పిలిచి పెట్టిన వాడిని నేనే కాబట్టి నాకు తల కొట్టేసినట్టయింది.

హెల్లెస్ ఎలా ఉండాలో తెలిస్తేనే అది పాడైందని పట్టుకోగలం. జర్మన్‌లో ఆ మాటకు లేతరంగుది అని అర్థం. 1842లో ఇప్పటి చెక్ దేశంలోని పిల్‌జెన్‌లో పుట్టిన పిల్స్‌నర్ అనే లేతరంగు బీరు ఊరూరా పాకిపోయినా, మ్యూనిక్ చాలాకాలం తన ముదురు రంగు బీరునే నమ్ముకుంది. ఇక్కడి నీటిలో కార్బొనేట్లు ఎక్కువ. ఆ నీటితో లేత రంగు బీరు చేస్తే, అందులో వేసే హాప్స్ పూల చేదు మోటుగా తేలుతుంది. చివరికి 1894లో స్పాటెన్ బ్రూవరీ హెల్లెస్‌ను బయటికి తెచ్చింది. పిల్స్‌నర్‌లో చేదు ముందుంటే ఇందులో మాల్టు (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) రుచి ముందుంటుంది. చేదును కొలిచే లెక్కలో హెల్లెస్ 16 నుంచి 22 మధ్య ఉంటే, జర్మన్ పిల్స్‌నర్ 40 దాకా పోతుంది. ఆల్కహాలు సుమారు 5 శాతం. మంచి హెల్లెస్ గ్లాసు దగ్గరికి తెచ్చుకుంటే అప్పుడే కోసిన రొట్టె లోపలి మెత్తటి భాగం వాసన వస్తుంది. నాలుక మీద మాల్టు తీపి కొద్దిగా తగిలి, మింగేసరికి అది కూడా మిగలదు. హాప్స్ గడ్డిపూల వాసనలా ఎక్కడో వెనుక ఉంటాయి.

ఇంత సున్నితమైన బీరు కాబట్టే చిన్న లోపం కూడా ఇందులో దాగదు. 10 డిగ్రీల దగ్గర నెమ్మదిగా పులియబెట్టి, తర్వాత దాదాపు సున్నా డిగ్రీల చలిలో వారాల తరబడి నిల్వ ఉంచి దీన్ని తయారుచేస్తారు. ఆ శ్రమంతా ఎండలో కొద్దిసేపట్లో పోతుంది. బీరులో సహజంగా ఉండే బి2 విటమిన్ వెలుతురును పట్టుకుంటుంది, దాంతో హాప్స్ చేదు పదార్థం విరిగి గంధకంతో కలిసి కొత్త పదార్థం పుడుతుంది. లీటరులో కొన్ని నానోగ్రాములు ఉంటే చాలు, ముక్కు పసిగట్టేస్తుంది. గోధుమరంగు గాజు ఈ పని చేసే వెలుతురును చాలా వరకు ఆపుతుంది. ఆకుపచ్చ గాజు ఆపేది తక్కువ, తెల్ల గాజు ఆపేది దాదాపు ఏమీ లేదు. నావి తెల్ల సీసాలు.

అనుమానం తీరక ఆ రాత్రి కాస్టెన్‌ను పరీక్షించాను. నాలుగు అయిదుల ఇరవై గళ్లు. అంచున పద్నాలుగు సీసాలు, మధ్యలో ఆరు. అంచు సీసాలు కొన్ని తీస్తే అన్నింటిలో అదే కంపు. మధ్య సీసాల్లో ఆ కంపు బాగా తక్కువ, కానీ తడిసిన అట్టపెట్టె వాసన. అది వేడి చేసిన పని. పక్క సీసాలు వాటికి ఎండ తగలకుండా అడ్డం పడ్డాయి గానీ వేడిని ఆపలేకపోయాయి. ఎన్ని వారాలు అవి ఆ గుమ్మం ముందు ఉన్నాయో!

నాకు బాధ కలిగించిన విషయం ఇంకొకటి ఉంది. 1553లో బవేరియాలో ఏప్రిల్ 23 నుంచి సెప్టెంబరు 29 దాకా బీరు తయారుచేయకూడదని శాసనం చేశారు. అందుకని చలికాలపు బీరును వేసవి అంతా నేలమాళిగల్లో దాచేవారు. ఆ మాళిగల మీద ఎండ పడకూడదని పైన చెస్ట్‌నట్ చెట్లు నాటారు. ఈ రోజు మనం కూర్చునే బీర్‌గార్టెన్‌ల (ఆరుబయట బీరు తాగే తోటల) నీడ అలా వచ్చిందే. బీరు కోసం చెట్లు పెంచిన ఊళ్లో, అదే బీరును దక్షిణ ముఖంగా ఎండలో పేర్చి అమ్ముతున్నారు.

దుకాణానికి తిరిగి వెళ్లాను. గడువు తేదీకి ఇంకా నాలుగు నెలలు ఉంది, సీసా పగల్లేదు, రుచి నచ్చకపోతే మేము చేయగలిగింది లేదు అన్నారు. లేబుల్ మీదే చిన్న అక్షరాల్లో చల్లగా, చీకట్లో ఉంచమని రాసి ఉందని చూపించాను. ఆ తేదీ అలా ఉంచితేనే చెల్లుతుంది కదా అని అడిగాను. జవాబు లేదు. చేతికి వచ్చింది ఖాళీ సీసాలు, పెట్టె తిరిగిస్తే ఇచ్చే డిపాజిట్ మాత్రమే: సీసాకు 8 సెంట్ల చొప్పున, కాస్టెన్‌కు 1.50, మొత్తం 3 యూరోల 10 సెంట్లు.

లేబుల్ తిప్పి చూస్తే బ్రూవరీ చిరునామా ఇక్కడికి వందల కిలోమీటర్ల ఉత్తరాన ఉంది. అది నేరం కాదు, బయట కూడా మంచి హెల్లెస్ చేస్తారు. కానీ హెల్లెస్ అన్న పేరును గానీ ఆ గళ్లను గానీ చూసి మ్యూనిక్ బీరనుకోకండి. యూరప్ చట్టం కాపాడుతున్నది హెల్లెస్ అన్న పేరును కాదు, మ్యూనిక్ బీరు అన్న పేరును, అది నగరంలో కాచిన దానికే దక్కుతుంది. నా మాట వింటే గోధుమరంగు సీసా, దుకాణం లోపలి వరుస, వీలైతే ఫ్రిజ్‌లోంచి తీసిచ్చినది కొనండి. కొత్త చోట ముందు ఒక్క సీసా కొని, ఇంటికెళ్లి వాసన చూశాకే కాస్టెన్ ఎత్తండి.

బావగారిని ఆదివారం బీర్‌గార్టెన్‌కు తీసుకెళ్లాను. అర లీటరు తెప్పించి, ఈసారి గ్లాసు కింద పెట్టకుండా, "రొట్టె వాసన అన్నావే, ఇదా!" అన్నారు. తిరిగి వస్తుంటే ఆ దుకాణం ముందు కొత్త కాస్టెన్‌లు దించుతున్నారు, మళ్లీ గుమ్మం బయటే.